తోటలో మనమే కోసుకునే కాయలు, నర్సరీలో కొనే మొక్కలు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారి అనుభవాలు

పెన్నా ఒడ్డు (నెల్లూరు)
మే 6, ఉదయం 7:10

సభ్యులందరికీ నమస్కారం. నేను వేదాయపాళెంలో ఉంటాను. ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. ఏప్రిల్ మూడో వారంలో ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ కలిసి, కావలి దాటాక 16వ నంబరు జాతీయ రహదారికి కొంచెం లోపలగా ఉన్న ఒక తోటకు వెళ్లి వచ్చాము. ముందు వైపు నర్సరీ, పక్కన కాయలూ తేనే ఊరగాయలూ అమ్మే చిన్న అంగడి, వెనుక బంగినపల్లి, సపోటా చెట్లు ఉన్నాయి. కావలసిన వారు తోటలోకి వెళ్లి తమ చేతులతోనే కాయలు కోసుకుని, బయటికి వచ్చేటప్పుడు కాటా వేయించుకుని డబ్బు కట్టవచ్చు.

మంచి మాట ముందు చెబుతాను. చెట్ల కింద శుభ్రంగా ఉంది, తాగడానికి కుండనీళ్లు పెట్టారు, కాటా మీద తూనికలు కొలతల శాఖ వారి ముద్ర కనిపిస్తున్నది. చిక్కం కట్టిన కర్ర మా మనవరాలి చేతికి ఇచ్చినప్పుడు, ఆ పిల్ల మెడ వెనక్కి వాల్చి కొమ్మల్లోకి చూస్తూ, ఒక్క కాయ చిక్కంలో పడగానే కేక వేసి నా వైపు పరుగెత్తుకొచ్చింది. అంగట్లో కొన్న కాయతో అది రాదు.

బాధ కలిగించిన విషయం ఇది. మేము కోసిన 11 కిలోల కాయలను వరిగడ్డిలో మాగవేశాము. వారం తిరిగేసరికి 31 కాయల్లో 18 చక్కగా పండాయి. మిగిలిన 13 కాయలు తొక్క ముడతలు పడి, రబ్బరులాగా మెత్తబడి, కోస్తే లోపల తెల్లగా, చప్పగా ఉన్నాయి. అవి లేతకాయలని ఇప్పుడు అర్థమవుతున్నది. కోసేటప్పుడు మా వెంట ఉన్న కుర్రవాడు ఏది కోసినా సరేనన్నాడు. కోసుకునే స్వేచ్ఛ ఇచ్చినవారు ఏది కోయవచ్చో చెప్పవలసిన బాధ్యత కూడా తీసుకోవాలని నా అభిప్రాయం.

అదే రోజు రెండు మామిడి అంట్లు, ఒక నిమ్మ మొక్క కొన్నాను. అవి ఇంకా కవర్లలోనే ఉన్నాయి. వీటిని ఎప్పుడు నాటాలి? ఇటువంటి తోటల్లో, నర్సరీల్లో మీకు ఎదురైన మంచి చెడులు కూడా రాయండి. తోటల పేర్లు రాయకుండా అనుభవం మాత్రమే రాస్తే అందరికీ ఉపయోగంగా ఉంటుంది.

తూర్పు తోట (ఉలవపాడు)
మే 6, రాత్రి 9:25

మాస్టారు గారికి నమస్కారం. మీరు వెళ్లిన తోట నాది కాదు కానీ, నేనూ మూడు సంవత్సరాలుగా వేసవిలో కొనుగోలుదారులను తోటలోకి రానిస్తున్నాను కాబట్టి మీ మాట నాకూ తగిలింది. మీరు చెప్పింది న్యాయం.

బంగినపల్లిలో రంగు చూసి కాయ ముదిరిందో లేదో చెప్పడం కష్టం, ఎందుకంటే కోతకు వచ్చిన కాయ కూడా చెట్టు మీద చాలావరకు ఆకుపచ్చగానే ఉంటుంది. మేము చూసేది భుజాలను. లేతకాయకు ముచ్చిక దగ్గర భుజాలు కిందికి జారినట్టు ఉంటాయి. ముదిరిన కాయకు రెండు భుజాలూ ముచ్చిక కంటే పైకి లేచి, ముచ్చిక ఒక చిన్న గుంటలో కూర్చున్నట్టు కనిపిస్తుంది. బుగ్గలు నిండుగా ఉంటాయి, తొక్క మీది చుక్కలు స్పష్టంగా తేలుతాయి. ఎవరూ కదపకుండా ఒకటి రెండు కాయలు చెట్టు మీదనే పండి రాలాయంటే ఆ చెట్టు కోతకు వచ్చిందని గుర్తు. అయినా అనుమానం తీరకపోతే బకెట్టు నిండా నీళ్లు పెట్టుకుని కాయ వేసి చూడండి. ముదిరినది మునుగుతుంది, లేతది తేలుతుంది. ఒక చెట్టు మీదనే ముందు పూసిన కొమ్మకూ వెనుక పూసిన కొమ్మకూ మధ్య రెండు మూడు వారాల తేడా ఉంటుంది కాబట్టి, ఒక కాయ బాగుందని ఆ చెట్టు కాయలన్నీ కోసేయకూడదు. ఏప్రిల్ మూడో వారమంటే ఈ తేడా ఎక్కువగా కనిపించే సమయం. మీ 13 కాయల సంగతి బహుశా ఇదే.

కోసే పద్ధతి కూడా చెప్పాలి. చాలామంది కాయను పట్టుకుని కిందికి గుంజుతారు. అప్పుడు ముచ్చిక ఊడి, సొన చిమ్మి కాయ మీద పడుతుంది. ఆ సొన పడినచోట తొక్క మాడి నల్లగా మచ్చ కడుతుంది, చేతుల మీద, ముఖం మీద పడితే చర్మం కూడా కాలినట్టవుతుంది. పిల్లలను కొమ్మల కింద నిలబెట్టి పైన కాయలు గుంజడం అందుకే ప్రమాదం. వేలెడు తొడిమ ఉంచి కోసి, తర్వాత ఆ తొడిమను ముచ్చిక దగ్గర తుంచి, కాయలను గోనెపట్టా మీద తలకిందులుగా ఆనించి సొన కారిపోనిచ్చాకే గంపలో పెట్టాలి.

ఇంత తెలిసీ మేమెందుకు అందరికీ చెప్పలేకపోతున్నామంటే, ఆ నెలన్నర రోజుల్లో లారీ లోడు కోయించేది మేమే, గేటు దగ్గర నిలబడేది మేమే. కూలికి వచ్చిన పిల్లలకు కోత తెలుసు కానీ, కారులో వచ్చినవారికి ఇది కోయవద్దని చెప్పడానికి వారికి నోరు రాదు. అది వారి తప్పు కాదు, వారికి ఆ అధికారం మేము ఇవ్వలేదు. ఈ ఏడాది నుంచి నేను కోతకు వచ్చిన చెట్లకు మాత్రమే ఎర్రగుడ్డ కట్టి, ఆ చెట్ల దగ్గరకే పంపుతున్నాను.

మా వైపు నుంచి కూడా ఒక మాట. మామిడి పూత కొమ్మల చివర్ల నుంచే వస్తుంది. కాయ అందలేదని కొమ్మ వంచి విరిచేస్తే మాకు పోయేది ఆ కాయ ఒక్కటే కాదు, ఆ కొమ్మ మీద వచ్చే ఏడాది రావలసిన పూత కూడా. కార్బైడ్‌తో మాగించడం చట్టం నిషేధించినా భయం పోక తోటకే వచ్చి కొనుక్కునేవారు చాలామంది ఉన్నారు. వారు రావడం మాకు గౌరవమే. చెట్టును కూడా కాయతో సమానంగా చూడమని మాత్రమే మా కోరిక.

మేడమీది తోట (ఒంగోలు)
మే 8, మధ్యాహ్నం 2:40

తూర్పు తోట అన్నగారు రాసినది ముద్రించి మా ఇంట్లో గోడకు అంటించుకున్నాను. నేను కాయల గురించి కాక, మొక్కల గురించి రాస్తాను, ఎందుకంటే కాయ చెడిపోతే పోయేది ఒక వారమే, మొక్క విషయంలో మోసపోతే నాలుగైదు సంవత్సరాలు పోతాయి.

కొన్ని సంవత్సరాల క్రితం ఒంగోలు దగ్గర ఒక నర్సరీలో బంగినపల్లి అంటని చెప్పి ఇచ్చిన మొక్కను మా అత్తగారి ఊళ్లో పెరట్లో నాటాము. ఏపుగా పెరిగింది. మూడో ఏడు దాటాక మా మరిది, ఆయన పశువుల వైద్యుడే అయినా తోటపని ఎరిగినవాడు, మొదలు దగ్గర కూర్చుని చాలాసేపు చూసి, "వదినా, ఇది అంటు కాదు, కింది మొక్క" అన్నాడు. నేల నుంచి జానెడు ఎత్తులో ఒక ఎండిపోయిన మోడు ఉంది. దాని మీద రంగు వెలిసిన ప్లాస్టిక్ పట్టీ ముక్క ఇంకా చుట్టుకునే ఉంది. మేము ఆశగా నీళ్లు పోసి పెంచినది, ఆ మోడుకు కింద నుంచి పుట్టిన పిలకను. అంటు కట్టిన పైకొమ్మ ఎప్పుడో చచ్చిపోయింది. టెంక నుంచి వచ్చిన నాటు మొక్క దాని స్థానంలో చెట్టయింది.

ఇందులో కొంత మా అజ్ఞానం ఉందని ఒప్పుకుంటాను. కానీ కొన్ననాడే పైచిగురు వాడి ఉన్నదని నేను అడిగితే, నీళ్లు పోస్తే తేరుకుంటుందని వారు చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత రెండుసార్లు వెళ్లి అడిగినా, రసీదు లేదు కాబట్టి ఆ మొక్క వారిదేనని రుజువు లేదన్నారు.

అప్పటి నుంచి నేను మొక్క కొనే పద్ధతి మారింది. అంటు కట్టిన చోటును వేలితో తడిమి చూస్తాను. కింది కాండమూ పైకొమ్మా దాదాపు ఒకే లావు ఉండి, అతుకు దగ్గర చీలిక లేకుండా పూడుకుపోయి ఉండాలి. అతుకుకు పైన కనీసం రెండు దఫాల చిగుళ్లు వచ్చి, ఆకు ముదిరి ఉండాలి. అతుకు కింద పిలక ఉంటే అక్కడే గిల్లించి తీసుకుంటాను. కవరు అడుగున వేరు బయటికి వచ్చి నేలలో నాటుకుపోయిందేమో చూస్తాను, ఎందుకంటే అటువంటి మొక్కను పీకి ఇచ్చేటప్పుడు తల్లివేరు తెగుతుంది, మనకు మాత్రం పచ్చగానే కనిపిస్తుంది.

ఇంకొకటి, మా ఒంగోలు వారికి ముఖ్యమైనది. మా వీధిలో బోరు నీళ్లు ఉప్పన. తీపినీళ్లతో పెరిగిన మొక్కను తెచ్చి ఆ నీళ్లు పోస్తే నెల తిరక్కుండానే ఆకుల అంచులు గోధుమరంగుకు మాడిపోతాయి. ఏ నీళ్లతో పెంచారని అడగండి. మంచి నర్సరీవారు మన ఇంటి నీళ్లు ఎట్లా ఉంటాయని వారే అడుగుతారు, నాకు అట్లా అడిగినవారు ఒక్కరే తటస్థపడ్డారు, ఇప్పుడు మొక్కలన్నీ వారి దగ్గరే కొంటున్నాను.

కండలేరు (రాపూరు)
మే 8, సాయంత్రం 6:15

నాకూ ఇటువంటిదే జరిగింది. నిమ్మ అంటు కావాలని అడిగితే, గింజ నుంచి మొలిపించిన మొక్క ఇచ్చారని తర్వాత తెలిసింది. అతుకు అన్నదే ఎక్కడా లేదు. పెన్నా ఒడ్డు గారు కొన్న నిమ్మ మొక్కను కూడా ఒకసారి చూసుకోవడం మంచిది. గింజ మొక్కను అంటు ధరకు అమ్మడం మోసమే.

పసుపుపచ్చ కాయ (పొదలకూరు)
మే 9, ఉదయం 5:50

కండలేరు గారూ, మీ బాధ అర్థమైంది. అంటు ధర తీసుకుని గింజ మొక్క ఇవ్వడం తప్పే, అందులో రెండో మాట లేదు. అయితే మీ రాత చదివినవారు నిమ్మలో గింజ మొక్క అంటేనే పనికిరానిదని అనుకునే ప్రమాదం ఉన్నది. మా నాన్నగారి కాలం నుంచి నిమ్మ సాగులో ఉన్నవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మామిడి టెంక నాటితే తల్లి గుణం వస్తుందన్న నమ్మకం లేదు. నిమ్మ అట్లా కాదు. నిమ్మ గింజలో ఒకటికి మించి పిండాలు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం పరాగంతో సంబంధం లేకుండా తల్లి చెట్టు కణజాలం నుంచే పుడతాయి కాబట్టి, మొలిచిన మొక్క చాలావరకు తల్లినే పోలి ఉంటుంది. మా ప్రాంతంలో గింజ మొక్కలతో వేసిన తోటలు ఎన్నో ఉన్నాయి, అవే గూడూరు, పొదలకూరు మార్కెట్లకు కాయ పంపుతున్నాయి. తేడా ఎక్కడంటే, గింజ మొక్క కాపుకు రావడానికి నాలుగైదు సంవత్సరాలు పడుతుంది, ముళ్లు ఎక్కువ, ఎత్తు పెరుగుతుంది. రంగపూర్ నిమ్మ లాంటి వేరుమూలం (అంటుకు కింద వేరునిచ్చే మొక్క) మీద కట్టిన అంటు అంతకంటే ముందే కాస్తుంది. బత్తాయి విషయంలో మాత్రం అంటు తప్ప మరొకటి తీసుకోకండి.

కాబట్టి నిమ్మ మొక్క కొనేటప్పుడు అంటా కాదా అనే ప్రశ్న కంటే ముందు, ఏ చెట్టు గింజ, ఆకు మీద ఏమున్నది అనే రెండు ప్రశ్నలు అడగాలి. ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. తుప్పు రంగులో, గరుకుగా, చుట్టూ పసుపు వలయంతో లేచిన మచ్చలు కనిపిస్తే అది గజ్జి తెగులు. ఆ మొక్కను ఉచితంగా ఇచ్చినా ఇంటికి తీసుకురావద్దు, పక్కనున్న నిమ్మ చెట్లకు కూడా వానతో, గాలితో అంటుకుంటుంది. ఆకు మీద వంకరటింకరగా వెండిగీతలు ఉంటే అది పాముపొడ. అది అంత భయపడవలసింది కాదు, అయితే ఆ గాయాల్లోంచి గజ్జి సులభంగా లోపలికి పోతుంది. తిరుపతి పరిశోధన స్థానం నుంచి వచ్చిన బాలాజీ రకం గజ్జిని కొంత తట్టుకుంటుంది. వెంకటగిరి దగ్గర పెట్లూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన పెట్లూరు సెలక్షన్ కూడా మా వైపు పేరున్న రకమే. ఇంటి పెరటికి ఒక్క మొక్క కావలసినవారు కూడా ఈ పేర్లు చెప్పి అడగడంలో తప్పు లేదు.

నిమ్మ తోటలో కోసుకోవడానికి మమ్మల్ని అడిగేవారు ఈ మధ్య పెరిగారు. పొడుగు చేతుల చొక్కా వేసుకుని రండి, ముళ్లతో పని. కాయను లాగితే ముచ్చిక దగ్గర తొక్క చిరిగి రెండు రోజుల్లో కుళ్లుతుంది, మెలితిప్పి తీసుకోవాలి. నాటాక మొదలుకు నీళ్లు ఆనకుండా, చెట్టు చుట్టూ లోపల ఒక చిన్న గట్టు వేసి, దాని వెలుపల పాదులో నీళ్లు పెట్టండి. మొదలు తడిసి తడిసి ఉంటే బంక కారు తెగులు వస్తుంది.

కండలేరు (రాపూరు)
మే 9, ఉదయం 8:30

పసుపుపచ్చ కాయ అన్నగారూ, నా మాట సరిదిద్దుకుంటున్నాను. ధర విషయంలో నన్ను మోసం చేసిన మాట నిజం, మొక్క మాత్రం ఆరోగ్యంగానే ఉంది. పీకేద్దామనుకున్నాను, ఇక ఉంచుతాను.

అంటుకత్తి (సింగరాయకొండ)
మే 11, రాత్రి 10:05

ఇక్కడ కొనేవారూ తోటలవారూ రాశారు, అంటు కట్టేవారి తరఫున నేను రాస్తున్నాను. పద్నాలుగు సంవత్సరాలుగా ఈ పనే చేస్తున్నాను, ఇప్పుడు ఒక నర్సరీలో మొక్కల సంరక్షణ చూస్తున్నాను.

మేడమీది తోట అక్కగారు చెప్పిన పట్టీ విషయం చాలా ముఖ్యం. అతుకు కలిసిపోయాక ఆ ప్లాస్టిక్ పట్టీని కోసి తీసేయాలి. మేము తీయకుండా అమ్మేస్తున్న సందర్భాలు ఉన్నాయని ఒప్పుకుంటున్నాను. కాండం లావెక్కేకొద్దీ ఆ పట్టీ లోపలికి కోసుకుపోయి, నడుముకు తాడు బిగించినట్టు అవుతుంది. పెన్నా ఒడ్డు మాస్టారు గారూ, మీ రెండు అంట్లకూ ఇప్పుడే చూడండి. పట్టీ ఉంటే బ్లేడుతో అతుకుకు ఎదురు పక్కన, నిలువుగా, పైపైన గీసి మెల్లగా విప్పండి.

నర్సరీకి వచ్చినవారిలో ఎక్కువమంది అడిగేది కాయ ఉన్న మొక్క. కవర్లో ఉండగానే రెండు కాయలు వేలాడుతుంటే ముందు అదే అమ్ముడవుతుంది. కానీ చిన్న అంటుకు కాయ నిలిపితే దాని బలమంతా కాయకే పోతుంది. నాటిన మొదటి రెండు మూడు సంవత్సరాలు పూత వచ్చినా తుంచేయాలని మేము చెబితే, అమ్మేటప్పుడు కాయ చూపించి ఇప్పుడు తుంచమంటున్నారేమని కోప్పడతారు. ఆ కాయ చూపించి అమ్మడం మాదే తప్పు, నేను మా యజమానికి ఇదే చెప్పి, ఇప్పుడు ముందు వరుసలో ఆకు బాగున్న మొక్కలనే పెడుతున్నాను. అమ్మకం కొంచెం తగ్గిన మాట వాస్తవమే, అయినా మొక్క చచ్చిపోయిందని తిరిగి వచ్చేవారు కూడా తగ్గారు.

మొక్కను కాండం పట్టుకుని ఎత్తకండి. కవరు అడుగున చెయ్యి పెట్టి ఎత్తాలి. కాండం పట్టి ఎత్తితే మట్టిగడ్డ బరువుకు పీచువేర్లు లోపలే తెగుతాయి. ఈ ఒక్క పని వల్ల చచ్చిపోయిన మొక్కలను నేను చాలా చూశాను, ఇంటికి తీసుకెళ్లాక పది రోజులకు ఆకు రాలుస్తుంది, కొన్నవారు మేము చెడ్డ మొక్క ఇచ్చామనుకుంటారు.

కోర్టు వీధి (నెల్లూరు)
మే 12, సాయంత్రం 7:45

రసీదు గురించి అక్కగారు రాసినందుకు ఈ నాలుగు మాటలు. ఎంత చిన్న కొనుగోలు అయినా, మొక్క రకం, అంటో గింజో, ధర, తేదీ రాసిన రసీదు అడిగి తీసుకోండి. అచ్చువేసిన పుస్తకం లేకపోతే తెల్లకాగితం మీద రాయించుకున్నా, మీ ఫోన్లో మొక్కనూ దానికి కట్టిన పేరు చీటీనీ కలిపి ఫోటో తీసుకున్నా, ఫోన్ ద్వారా డబ్బు పంపిన వివరం ఉన్నా పనికొస్తుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం చెప్పిన రకం ఒకటి, ఇచ్చినది ఒకటి అయితే ఫిర్యాదు చేయవచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోన్ చేసి నమోదు చేయించవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, చెల్లించిన విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము కూడా ఉండదు. ఉద్యాన నర్సరీల నమోదుకు మన రాష్ట్రంలో 2010లోనే చట్టం వచ్చింది, కాబట్టి నమోదు పత్రం గోడకు ఉందేమో చూడటం మీ హక్కు. పది అంట్లకు మించి కొనేవారు మాత్రం ఇవేవీ లేకుండా డబ్బు చెల్లించవద్దని నా గట్టి సలహా.

పడమటి గాలి (కనిగిరి)
మే 14, ఉదయం 6:30

మాస్టారు గారు నాటే సమయం అడిగారు, ఎవరూ చెప్పలేదు. తొలకరికి నాటాలని అందరూ చెబుతారు. అది గోదావరి జిల్లాలకు సరిపోయే మాట. మన వైపు జూన్, జూలైల్లో వానకంటే పడమటి గాలే ఎక్కువ, నాటిన మొక్క ఆకును ఆ గాలి రెండు రోజుల్లో ఎండగొడుతుంది. నెల్లూరులో వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో. అందుకని మీ మొక్కలను కొంచెం పెద్ద కవర్లలోకి మార్చి, మధ్యాహ్నపు ఎండ పడని చోట ఉంచి, గుంటలు మాత్రం ఈ ఎండల్లోనే తవ్వి ఆరబెట్టండి. ఆ ఈశాన్య రుతుపవనాల తొలివానలు పడ్డాక నాటండి, తుఫాను హెచ్చరిక ఉన్న వారంలో నాటవద్దు.

మా ఊరి వారు కడియం నుంచి లారీలో వచ్చిన మొక్కలు ఎక్కువగా కొంటారు. మొక్కలు బాగానే ఉంటాయి, ఇబ్బంది వాటి మట్టితోనే వస్తుంది. అక్కడి ఒండ్రుమట్టి గడ్డ మన ఎర్ర ఇసుక నేలలో పెడితే, పోసిన నీళ్లు చుట్టూ ఇసుకలోకి దిగిపోతాయి, గడ్డ లోపల మాత్రం పొడిగా రాయిలా ఉండిపోతుంది. నేను మూడు దానిమ్మ మొక్కలు అట్లా పోగొట్టుకున్నాను. పీకి చూస్తే గడ్డ మీద కవరు ముడతల గుర్తులు ఇంకా అట్లాగే ఉన్నాయి, ఒక్క వేరు కూడా బయటికి రాలేదు. నాటే ముందు ఆ గడ్డను నీళ్లలో నానబెట్టి, అంచులను చేత్తో కొంచెం వదులు చేసి, గుంటలోని మట్టిలో మాగిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి నాటాలి. వేపపిండి చెదలకు కూడా పనిచేస్తుంది.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)
మే 14, రాత్రి 8:20

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. అంటుకత్తి గారూ, ఒక అంటుకు పట్టీ ఉన్నది, మీరు చెప్పినట్టే విప్పాను. కింద కాండం మీద దారం మందాన పల్లం పడి ఉంది. ఆ మొక్క నిలుస్తుందా? తూర్పు తోట గారూ, సపోటా ముదిరిందని ఎట్లా తెలుసుకోవాలో కూడా చెప్పగలరా? దసరా సెలవుల్లో పిల్లలను మళ్లీ అక్కడికే తీసుకెళ్లాలని ఉన్నది.

అంటుకత్తి (సింగరాయకొండ)
మే 14, రాత్రి 9:50

నిలుస్తుంది మాస్టారూ. పల్లం పైన చిగురు వస్తున్నంతవరకు భయం లేదు. ఒక సన్నకర్ర పాతి, మెత్తని గుడ్డపేలికతో వదులుగా కట్టండి, గాలికి అక్కడ విరగకుండా.

తూర్పు తోట (ఉలవపాడు)
మే 15, ఉదయం 5:15

సపోటాకు భుజాలు లేవు, నీళ్ల పరీక్ష కూడా మేము చేయము. వేలిగోరుతో తొక్క మీద సన్నగా గీకండి. గీత ఆకుపచ్చగా కనిపించి పాలు చిక్కగా కారితే లేతది. గీత లేత పసుపుగా ఉండి పాలు ఒకటి రెండు చుక్కలతో ఆగిపోతే ముదిరినది. ముదిరిన కాయ మీద గోధుమరంగు పొట్టు అరచేత్తో రుద్దగానే రాలిపోతుంది, చివరనున్న చిన్న ముల్లులాంటి మొన కూడా సులభంగా ఊడుతుంది. చెట్టు మీద పూత, పిందె, ముదురుకాయ ఒకేసారి ఉంటాయి కాబట్టి కొమ్మలు కుదిపి కోయకూడదు, ఒక్కొక్క కాయనే తీయాలి. ప్రతి కాయనూ గోరుతో గీకి వదిలేయవద్దని కూడా పిల్లలకు చెప్పండి, గీకిన చోట మచ్చపడి ఆ కాయ మాకు అమ్ముడుపోదు. ఒక చెట్టుకు ఒక్క కాయ చూసి, పరిమాణం గుర్తు పెట్టుకుంటే చాలు.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)
అక్టోబరు 19, ఉదయం 7:35

సభ్యులకు నమస్కారం. దసరా సెలవుల్లో అదే తోటకు మళ్లీ వెళ్లాము. వెళ్లేముందు ఇక్కడి మాటల్లో కొన్నింటిని ఒక కాగితం మీద రాసుకుని, తోట యజమానిని కలిసి, నా 13 కాయల సంగతి కూడా మర్యాదగానే చెప్పాను. ఆయన మాట మధ్యలో అడ్డుపడకుండా విన్నారు. తర్వాత కాగితం అడిగి తీసుకుని, ఎర్రగుడ్డ కట్టే పద్ధతి దగ్గర వేలు ఆనించి రెండుసార్లు చదువుకున్నారు. ఆ కాయల డబ్బు తిరిగి ఇస్తామన్నారు, నేను వద్దన్నాను. అందుకు బదులుగా, వచ్చే మామిడి కాలంలో గేటు దగ్గర ఒక నీళ్ల తొట్టి పెట్టి, లేతకాయ తేలితే కాటాకు ముందే తీసి పక్కన పెట్టించమని అడిగాను. తొట్టి ఎక్కడ పెట్టాలో ఆయనే నన్ను వెంటబెట్టుకుని వెళ్లి చూపించారు.

సపోటా చెట్ల దగ్గర మా వెంట ఒక పెద్దావిడ వచ్చింది. ఏప్రిల్‌లో వచ్చిన కుర్రవాడికి ఆమె మేనత్తట. నా మనవరాలు ఒక కాయ మీద చెయ్యి వేయగానే, "అది వద్దు తల్లీ, దానికి ఇంకా పాలు ఆరలేదు, ఇదో, ఈ పక్కది తీసుకో" అని ఆ పిల్ల చేతిని పట్టుకుని పక్క కాయ మీద పెట్టింది. ఆమె గోరుతో గీకి చూడలేదు, బొటనవేలితో పొట్టును ఒక్కసారి తుడిచి చూసింది, అంతే. 4 కిలోలు కోసుకున్నాము. పొట్టు రుద్ది, కడిగి, గంపలో గడ్డి పరిచి పెట్టాము. ఐదో రోజు నుంచి ఒక్కొక్కటిగా మెత్తబడ్డాయి, ముడతపడినది ఒక్కటీ లేదు.

రసీదు ఈసారి అడగకుండానే ఇచ్చారు. కాటా ముద్ర మీద ఈ ఏడాది గుర్తు కూడా ఉన్నది.

మామిడి అంట్లు రెండూ బతికి ఉన్నాయి. పల్లం పడినదానికి అతుకు పైన మూడు కొమ్మలు వచ్చాయి, కర్ర ఇంకా తీయలేదు. నిమ్మ మొక్కకు అతుకు లేదు, గింజ మొక్కే, ఆకు మీద మచ్చ మాత్రం ఒక్కటీ కనిపించలేదు. గుంటలు మే నెలలోనే తవ్వించి ఉంచాను. నిన్న రాత్రి వాన బాగా పడింది. వాతావరణ శాఖ వారి తుఫాను హెచ్చరిక ఏదీ ఈ వారానికి లేదు కాబట్టి, పడమటి గాలి గారు చెప్పినట్టు గడ్డలను నానబెట్టి రేపు ఉదయం నాటుతున్నాము.